పొర దాటని క్రోమియం

వేలూరు అంటే తెలుగువాళ్ళకి సీఎంసీ ఆస్పత్రి. దాని ఎదురు సందుల్లో లాడ్జీల బోర్డులు తెలుగులో ఉంటాయి, మెస్సుల్లో గోంగూర దొరుకుతుంది, ఆటోవాళ్ళు మన మొహం చూసి తెలుగులోనే పలకరిస్తారు. రాణిపేట బస్సులు ఆగే చోటికి పోనివ్వమంటే ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు. "ఆడ చూసేదానికి ఏముండాది సార్, తోలు కంపినీలు తప్ప?" ఆ కంపెనీలు వదిలే నీళ్ళని ఎలా శుభ్రం చేస్తున్నారో చూద్దామని వచ్చానన్నాను. "చూసొచ్చి మాకు గూడా చెప్పండి" అని నవ్వి దించేశాడు.

రాణిపేట వేలూరుకి తూర్పున పాతిక కిలోమీటర్ల దూరం. పాలారుకి ఉత్తరపు గట్టున రాణిపేట, దక్షిణపు గట్టున ఆర్కాటు. మధ్యలో పొడుగాటి వంతెన. దాని మీద నిలబడి చూస్తే ఇసుక, తుమ్మ పొదలు, వాటి మధ్య మేస్తున్న గొర్రెలు కనిపించాయి గానీ నీళ్ళు కనిపించలేదు. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, అక్కడ 93 కిలోమీటర్లు, మన కుప్పం మీదుగా 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు సాగి సముద్రంలో కలిసే నది ఇది. 2021 నవంబరులో గట్లు తెంచుకుని పారింది. మామూలు ఏళ్ళలో మాత్రం దాని నడక ఇసుక కిందే. ఊళ్ళకి తాగే నీళ్ళు, పొలాలకి పారే నీళ్ళు ఆ ఇసుక కింద నుంచి తోడుకున్నవే. పైకి పారే నదిలో కలిపిన మురికిని ఏదో ఒక వరద తీసుకుపోతుంది. ఇసుక కింద పారే నదిలో కలిపితే అది బావుల్లో తేలుతుంది. ఈ జిల్లాలో తోలు కంపెనీల మీద నడిచిన కోర్టు కేసులన్నిటికీ మూలం ఈ ఒక్క సంగతే.

తోలు పని ఇక్కడ పాతదే. ఒకప్పుడు తంగేడు చెక్క, కరక్కాయలు వేసి తోళ్ళు పదును చేసేవాళ్ళు. వారాల తరబడి పట్టేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతిని తెచ్చాడు. వారాల పని ఒకటి రెండు రోజుల్లోకి వచ్చింది. తోలు మెత్తగా ఉంటుంది, వేడికి ముడుచుకోదు. మనం తొడుక్కునే బూట్ల పైతోలులో ఎక్కువ భాగం ఇలా క్రోమియం పట్టించిందే.

ఒక మధ్యతరహా ట్యానరీ యజమాని, పేరు రాయనన్న మాట మీద, లోపలికి రానిచ్చారు. గేటు దాటగానే రెండు వాసనలు. ఒకటి సున్నం తొట్ల నుంచి వచ్చే సల్ఫైడ్ కంపు, కుళ్ళిన గుడ్డుది. రెండోది ఉప్పు పట్టించిన పచ్చి తోళ్ళది. రెండోది త్వరగా అలవాటవుతుంది, మొదటిది కాదు. లోపల మనిషికి రెండింతల ఎత్తున్న చెక్క డ్రమ్ములు మెల్లగా తిరుగుతున్నాయి. ఒక డ్రమ్ము తలుపు తీస్తే లేత నీలం రంగు తోళ్ళు జారి కింద పడ్డాయి. వీటినే వెట్ బ్లూ అంటారు. డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళు ముదురు ఆకుపచ్చ.

అసలు విషయం ఆ ఆకుపచ్చ నీళ్ళలో ఉంది. డ్రమ్ములో వేసే బేసిక్ క్రోమియం సల్ఫేటులో తోలు పీల్చుకునేది 60, 70 శాతం. మిగతాది నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆ నీళ్ళలో క్రోమియం లీటరుకి గ్రాముల లెక్కన ఉంటుంది. బయటికి వదలడానికి చట్టం ఒప్పుకునేది లీటరుకి 2 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళలో అయితే 0.05 మిల్లీగ్రాములు. గ్రాముల నుంచి మిల్లీగ్రాముల్లోకి దింపడమే ఈ ఊళ్ళ నెత్తిన పడ్డ పని.

ఆ యజమాని ఆవరణలో ఓ మూల చిన్న షెడ్డు చూపించారు. డ్రమ్ము నీళ్ళని వేరే కాలవలో అక్కడికి తెచ్చి మెగ్నీషియం ఆక్సైడ్ కలుపుతారు. క్రోమియం హైడ్రాక్సైడుగా మారి అడుక్కి దిగుతుంది. పైనీళ్ళు తీసేసి, అడుగున ఉన్నదాన్ని గంధకామ్లంలో కరిగిస్తే మళ్ళీ వాడుకునే క్రోమ్ ద్రావణం తయారు. చెన్నై అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ ఊరూరా తిరిగి నేర్పిన పద్ధతి ఇది. 1948లో పుట్టిన ఆ సంస్థకి 1958 నుంచి 1971 దాకా డైరెక్టరు మన యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రు నుంచి వచ్చిన ఆయన పరిశోధనని ప్రయోగశాల గోడలు దాటించి ట్యానరీ నేల మీదికి తెచ్చినవాడు. ఆ సంస్థ పేరు ఎత్తగానే ఇక్కడి ముసలి మేస్త్రీ ఒకాయన "నాయుడమ్మగారి ఆఫీసా" అన్నాడు. నాయుడమ్మ కనిష్క విమానం పేలుడులో పోయి నలభై ఏళ్ళు దాటింది.

షెడ్డు బాగానే ఉంది. కానీ అందరూ నడపరు. మెగ్నీషియం ఆక్సైడుకి డబ్బు కావాలి, విడి కాలవ కావాలి, దాని మీద కన్నేసి ఉంచే మనిషి కావాలి. "అన్నీ ఒకే కాలవలో కలిపి ఉమ్మడి ప్లాంటుకి పంపితే వాళ్ళే చూసుకుంటారులే అనుకునేవాళ్ళు ఎక్కువ" అని ఆ యజమానే ఒప్పుకున్నారు. ఉమ్మడి ప్లాంటు అంటే సీఈటీపీ. చిన్న చిన్న ట్యానరీలు కలిసి పెట్టుకున్న మురుగు శుద్ధి కేంద్రం. అందులోనే నేను చూడాలనుకున్న మెంబ్రేన్లు, అంటే వడపోత పొరలు, ఉంటాయి.

దానికోసం పడమటికి తిరిగాను. బెంగుళూరు రహదారి మీద వేలూరు దాటాక ఆంబూరు, ఆ తరవాత వాణియంబాడి. ఆంబూరులో ఆగకుండా ఎవరూ వెళ్ళరు, నేనూ వెళ్ళలేదు. సీరగ సాంబ బియ్యంతో చేసే ఇక్కడి బిర్యానీకి పక్కన నూనె వంకాయ కూర ఇస్తారు. మన హైదరాబాదు వాళ్ళు ఒప్పుకోరు గానీ, పొట్టి గింజ బిర్యానీకి దాని రుచి దానికి ఉంది. హోటలు పక్కనే షూ ఫ్యాక్టరీ షిఫ్టు వదిలారు. యూనిఫారాల్లో ఆడపిల్లలు బస్సులెక్కుతున్నారు. ఈ ఊళ్ళలో తోలు మానేయమనడం ఎందుకు కుదరదో ఆ బస్సుల వరస చూస్తే తెలుస్తుంది.

వాణియంబాడి వైపున్న ఆ ప్లాంటులో కెమిస్టు పలమనేరు అమ్మాయి. తెలుగు వినగానే మొహం విప్పారింది. "రండి సార్, ముందు బురద చూద్దాం, ఆర్‌ఓ తరవాత. ఎవరొచ్చినా నేరుగా ఆర్‌ఓ రూముకే పోతారు" అంది. ఆమె చెప్పిన వరస సరైనదని తరవాత అర్థమైంది.

ట్యానరీల నుంచి వచ్చిన నీళ్ళు ముందు పెద్ద తొట్టిలో కలుస్తాయి. మందులు వేసి, క్షారత సరిచూసి వదిలితే క్రోమియంలో చాలా భాగం హైడ్రాక్సైడుగా బురదలో దిగిపోతుంది. ఆ తరవాత సూక్ష్మజీవుల తొట్టి, సున్నంతో గట్టిదనం తగ్గించే తొట్టి, ఇసుక వడపోత, ఆపైన అల్ట్రాఫిల్ట్రేషన్. ఇవన్నీ దాటితేనే రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌ఓ). అంటే మెంబ్రేను ముందుకి వచ్చేసరికి లోహం చాలావరకు వెనకే ఆగిపోయింది. ఇక్కడి మెంబ్రేనుకి పెద్ద బరువు ఉప్పు. పచ్చి తోలు కుళ్ళకుండా పట్టించే ఉప్పంతా చివరికి ఈ నీళ్ళలోకే చేరుతుంది. తోళ్ళు మొదట నానబెట్టిన నీళ్ళని విడిగా ఎండబెట్టమంటారు, అయినా మిగిలేది తక్కువేం కాదు. ఉప్పుతో పాటు బురదకి చిక్కని కాస్త క్రోమియం కూడా ఇక్కడే ఆగుతుంది.

ఆర్‌ఓ గదిలో మాట వినపడదు, అధిక పీడనం పంపుల హోరు. గోడ పొడుగునా తెల్లటి గొట్టాలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో గొట్టంలో ఆరేసి మెంబ్రేను చుట్టలు. ఎనిమిది అంగుళాల లావు, నలభై అంగుళాల పొడుగు ఉండే ఒక్క చుట్టలో 37 చదరపు మీటర్ల పొర చాప చుట్టినట్టు చుట్టి ఉంటుంది. పని చేసే పైపొర పాలిఅమైడ్. దాని మందం వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు.

పొరలన్నీ ఒకటి కావు. అల్ట్రాఫిల్ట్రేషన్ పొర రంధ్రాల్లోంచి బాక్టీరియా, బురద నలకలు పోవు, కరిగిన లోహం మాత్రం హాయిగా పోతుంది. నానోఫిల్ట్రేషన్ పొరలో రంధ్రం ఒక నానోమీటరు పరిధిలోది, పైగా పొరకి రుణావేశం ఉంటుంది. సోడియం, క్లోరైడు లాంటి ఒంటి ఆవేశపు అయాన్లు చాలావరకు దాన్ని దాటతాయి. క్రోమియం, సల్ఫేటు దాటలేవు. నీళ్ళలో మూడు ధనావేశాల క్రోమియం ఒంటరిగా తిరగదు, ఆరు నీటి అణువుల్ని చుట్టూ గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. ఆ పరివారంతో కలిపి అది పట్టదు. ఆర్‌ఓ పొరలో రంధ్రాలంటూ విడిగా ఉండవు. నీటి అణువు పొరలో కరిగి అవతల తేలుతుంది, లవణాలకి ఆ దారి దాదాపు మూసి ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇలాంటి వాడుకకి పనికొచ్చే తొలి పొరని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్, రెండోవారు సిడ్నీ లోబ్. 1960 నాటి మాట.

పీడనం సంగతి కెమిస్టు రాసి చూపించింది. లీటరుకి పది గ్రాముల ఉప్పున్న నీటిని పొర దాటించాలంటే ముందు దాని ఆస్మాటిక్ పీడనాన్ని, అంటే 7, 8 బార్లని, గెలవాలి. వెయ్యి లీటర్లలో 750 లీటర్లు మంచినీళ్ళుగా అవతలికి వెళితే, మిగిలిన 250 లీటర్లలో ఉప్పు నాలుగింతలు చిక్కబడుతుంది. అప్పుడు గెలవాల్సిన పీడనం 30 బార్ల దాకా పెరుగుతుంది. ఇంకా లాగుదామంటే కరెంటు బిల్లు, పొర మీద పెచ్చు రెండూ పెరుగుతాయి. అందుకే ఒక చోట ఆపాలి. ఆ 250 లీటర్లలో క్రోమియం కూడా నాలుగింతలే. లోపలికి వచ్చినప్పుడు లీటరుకి 1 మిల్లీగ్రాము ఉంటే, బయటికి పోయే రిజెక్టులో దాదాపు 4. పొర లోహాన్ని పోగొట్టలేదు, తక్కువ నీళ్ళలోకి సర్దింది.

గది వెనక వాడిపడేసిన చుట్టలు పేర్చి ఉన్నాయి. రంపంతో నిలువునా కోసిన ఒకటి ఆమె విప్పి పరిచింది. ఆ మధ్యాహ్నమంతా నేను చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. గొట్టంలో ముందు వరసలో ఉండే చుట్ట మీద గోధుమరంగు జిగురు. అది బాక్టీరియా కాపురం. వెనక వరస చుట్ట మీద గరుకైన తెల్ల పెచ్చు. నీళ్ళు చిక్కబడిన చోట కాల్షియం లవణాలు గడ్డకట్టాయి. జిగురుకి క్షారంతో కడగాలి, పెచ్చుకి ఆమ్లంతో కడగాలి, రెండూ తరచుగా కడిగితే పొర ఆయువు తగ్గుతుంది. జిగురు చంపుదామని క్లోరిన్ ఎక్కువైతే పాలిఅమైడ్ పొరే చిల్లులు పడుతుంది. కాబట్టి క్లోరిన్ వేసి, పొర దగ్గరికి రాకముందే దాన్ని బైసల్ఫైట్‌తో విరిచేయాలి. ఇంట్లో గోడకి తగిలించిన ఆర్‌ఓ చూసి ఇది మీట నొక్కితే నడిచే వ్యవహారం అనుకునేవాళ్ళు ఇలాంటి చోట ఒక పూట కూర్చోవాలి.

"ఇది చూడండి సార్" అని ఆమె పొర మీద ఒక చోట వేలు పెట్టింది. బూడిదాకుపచ్చ మరక. "ఇట్లా పచ్చగా కనపడిందంటే పైన ఎవరో క్రోమ్ నీళ్ళు విడిగా తీయకుండా కలిపేసి పంపినట్టు. ఆ రోజు మా తొట్టిలో క్షారత కూడా తప్పుంటుంది. లాగ్‌బుక్కులో చూస్తే తెలిసిపోతుంది." ఎవరు పంపారో తెలుస్తుందా అని అడిగాను. "ఊహించగలం సార్. రుజువు చెయ్యలేం." ఉమ్మడి కాలవ సౌకర్యం అదే, చిక్కూ అదే. ఎవరి తప్పూ ఎవరిదీ కాకుండా పోతుంది.

తరవాత ఎవాపరేటర్ షెడ్డు. రిజెక్టుని ఆవిరితో వేడిచేసి, ఒక గది ఆవిరితో పక్క గదిని మరిగిస్తూ చివరికి ఉప్పుగా ఎండగడతారు. బాయిలరుకి ఇంధనం, పైపులకి తుప్పు, ఇదే అన్నిటికంటే ఖరీదైన అంకం. ద్రవం చుక్క కూడా బయటికి పోకూడదన్న జీరో లిక్విడ్ డిశ్చార్జి నియమం నెరవేరేది ఇక్కడే. పక్కనే రేకుల షెడ్డులో సంచులు, సంచుల మీద సంచులు, పైన టార్పాలిన్. సోడియం క్లోరైడు, సల్ఫేటు కలగలిసిన మురికి ఉప్పు. ఎవరూ కొనరు. పాతిపెడదామంటే నీళ్ళు తగిలితే కరుగుతుంది. కాబట్టి షెడ్డు నిండితే ఇంకో షెడ్డు. ఈ సంచులకి ఒక దారి చూపకుండా ద్రవం సున్నా అని బోర్డు రాసుకోవడం నా లెక్కలో సగం పనే.

మిగతా సగం ఎలా ఉండాలో చెప్పే పరిశోధనలు ఉన్నాయి. ఉమ్మడి ప్లాంటు చివర కాకుండా ట్యానరీలోనే, డ్రమ్ము నీళ్ళ దగ్గరే నానోఫిల్ట్రేషన్ పెడితే క్రోమియం ఒకవైపు చిక్కబడి ఆగుతుంది, ఉప్పు నీళ్ళు అవతలికి పోతాయి. చిక్కని క్రోమ్ మళ్ళీ డ్రమ్ములోకి, ఉప్పు నీళ్ళు తోళ్ళని ఉప్పు, ఆమ్లంలో నానబెట్టే (పికిలింగ్) పనికి. ఇటలీ పరిశోధకులు దీన్ని బాగా పరీక్షించారు. నేను తిరిగిన చోట్ల మాత్రం అది కనిపించలేదు. మెంబ్రేనుకి నిజంగా సరిపడ్డ చోటు అదే అనిపించింది. లోహం గ్రాముల్లో ఉన్నప్పుడు పట్టుకుంటే అది సరుకు. పదిమంది మురుగులో కలిసి మిల్లీగ్రాములయ్యాక పట్టుకుంటే అది బురద.

మర్నాడు మళ్ళీ రాణిపేట వచ్చి సిప్‌కాట్ పారిశ్రామికవాడ వైపు వెళ్ళాను. 1995లో మూతపడ్డ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఆవరణ అక్కడ ఉంది. క్రోమైట్ ఖనిజాన్ని సోడాతో కాల్చి డైక్రోమేటు తీసిన కర్మాగారం. తీయగా మిగిలిన వ్యర్థం లక్షన్నర టన్నులకి పైనే అక్కడే గుట్టగా వదిలేసి పోయింది. ఇది తోలులోని క్రోమియం లాంటిది కాదు, ఆరు వేలెన్సీది, క్యాన్సర్ కారకం. సున్నం వేస్తే దిగదు. ముందు ఫెర్రస్ సల్ఫేటు లాంటి దానితో మూడు వేలెన్సీకి దింపాలి, ఆపైనే బురద చేయడం. వాన పడితే గుట్ట నుంచి పసుపు నీళ్ళు ఊరతాయి. 2006లో బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించిన ప్రపంచంలోని పది అత్యంత కలుషిత ప్రదేశాల జాబితాలో రాణిపేట చేరింది ఈ పుణ్యానే. ప్రహరీ బయట టీ కొట్టతను బోరు నీళ్ళు వాడనని, టీకి క్యాను నీళ్ళు కొంటానని చెప్పాడు. భూమిలోంచి తోడి ఆర్‌ఓ పెట్టవచ్చు, క్రోమేటుని పొర ఆపుతుంది కూడా. గుట్ట కదలనంత కాలం ఆ పంపులకి ఆపడమన్నది ఉండదు.

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన వేలూరు పౌర సంక్షేమ వేదిక తీర్పు లా విద్యార్థులందరూ చదువుకునేదే. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో గట్టిగా నాటుకున్నది దానితో. ట్యానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందన్న సర్వే ఆ తీర్పులో ఉంది. ఒక్కో ట్యానరీకి పది వేల రూపాయల జరిమానా వేసింది. 2025 జనవరిలో అదే కోర్టు అవే ఊళ్ళ గురించి మళ్ళీ తీర్పు రాయాల్సి వచ్చింది, పరిహారం అందాలని, పర్యవేక్షణకి కమిటీ ఉండాలని. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ళకి పైనే.

ఆ మధ్యలోనే 2015 జనవరి నెలాఖరు రాత్రి ఒకటి ఉంది. రాణిపేట సిడ్కో ఎస్టేటులో ఉమ్మడి ప్లాంటు బురద తొట్టి గోడ కూలి, పక్క ట్యానరీలో నిద్రపోతున్న కూలీల మీద పడింది. పదిమంది చనిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి పనికి వచ్చినవాళ్ళు. వాళ్ళని చంపింది శుద్ధి కాని నీరు కాదు, నీటిని శుద్ధి చేయగా మిగిలినది. ఆ ఎస్టేటు రోడ్డు మీద నడుస్తుంటే పలమనేరు అమ్మాయి నన్ను ముందు బురద దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళిందో ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

మన దగ్గరా పటాన్‌చెరు, జీడిమెట్ల, పరవాడల్లో శుద్ధి కేంద్రాలున్నాయి, ఇంకా కడతారు. ప్రారంభోత్సవం నాడు మెరిసే నీళ్ళ గ్లాసు పట్టుకుని ఫోటో దిగడం ఆనవాయితీ. అక్కడికి వెళ్ళే విలేకరులకి, పక్క ఊళ్ళ సర్పంచులకి నా మనవి ఒకటే. ఆ గ్లాసు పక్కన పెట్టి బురద ఎక్కడికి పంపుతున్నారో, రిజెక్టు ఎటు పోతోందో, ఉప్పు సంచుల షెడ్డు ఎక్కడుందో చూపించమనండి. ఆ మూడింటి రిజిస్టర్లు చూశాకే ప్లాంటు బాగుందో లేదో రాయండి.